ఝషం కాదు, ఝాడ్



పోయిన నెలల ఒక తమ్ముడు మన గ్రూపుల అడిగిండు. "అక్కా, బడి పిల్లలకు చెప్పెతందుకు ఫ్రీగ దొరికే యాప్‌లు ఏమున్నయో ఒక లిస్టు పెట్టు" అని. సరే అని కూసున్న. పది పేర్లు రాసి, మళ్ళ కొట్టేసిన. ఎందుకంటే ఆ పదిట్ల ఆరు నేను చేసిన క్లాసుల అసలు పనికిరాలే. పనికొచ్చినవి కూడ వాటి పేరు చూసి పనికి రాలే, ఏ పిల్లకు ఏది కావాలె అన్నది తెలిసినంక పనికొచ్చినయ్. అందుకే లిస్టు బదులు జరిగింది రాస్తున్న. కొంచెం పొడుగు పోస్టు. మెస్సుల లైన్ల నిలబడ్డప్పుడు చదువుకోండ్రి.

నా గురించి తెలువనోళ్ళకు రెండు ముక్కలు. మాది నర్సాపూర్ దిక్కు ఒక తండా. మా ఇంట్ల ఇంటర్ దాటింది నేనే మొదలు. మా బాపు సంతకం పెడ్తడు, యాడి వేలిముద్ర వేస్తది. ఇప్పుడు మెదక్‌ల హాస్టల్‌ల ఉండి డీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్న. మా హాస్టల్ డాబా ఎక్కితే చర్చి గోపురం కనవడ్తది, 1924ల కట్టిన పెద్ద చర్చి. డిసెంబర్ వస్తే ఆ రోడ్డు మీద ఆటో కూడ కదలదు. పోయిన నవంబర్ నుంచి మాకు టీచింగ్ ప్రాక్టీసు పడ్డది. మెదక్‌కు దగ్గర్లనే ఉన్న ఒక ప్రైమరీ బడి నాకు ఇచ్చిండ్రు. ఆ బడి పేరు ఇక్కడ రాయను, పిల్లల పేర్లు కూడ రాయను. ఎందుకో కింద చెప్త.

మూడు, నాలుగు తరగతులు ఒకటే రూముల కూసుంటయ్. ఇద్దరు సార్లు, ఐదు తరగతులు. మీల చాలమందికి ఇది కొత్త కాదు, మనం చదివింది గట్లనే. నా రూముల 23 మంది. 14 మంది రెండు తండాల పిల్లలు, ఇంట్ల గోర్ బోలి తప్ప వేరే మాట ఉండదు. ఏడుగురు ఊరి పిల్లలు, తెలుగు. ఇద్దరు బీహార్ నుంచి రైస్ మిల్లుల పనికి వచ్చినోళ్ళ పిల్లలు, వాళ్ళకు హిందీ. ఊరి పిల్లల్ల ఒకడు పిలిస్తే పలకడు. వాణ్ణి అందరు "చెవిటోడా" అనే పిలుస్తరు, వాడు దానికి కూడ పలకడు.

డీఎడ్ పుస్తకంల దీనికి "సమ్మిళిత విద్య" అని ఒక పాఠం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, అందులో 21 రకాల వైకల్యాలు, అన్ని పరీక్షల కోసం బట్టీ పట్టినం. కానీ తరగతిల నిలబడ్డంక మొదటి రోజు నాకు అర్థమైంది ఒకటే. నేను చెప్పింది సగం మందికి అందుతలేదు, అందుతలేదని కూడ వాళ్ళు చెప్తలేరు.

మూడో తరగతిల ఒక పాప ఉండె. గోడ పక్కకు, ఆఖర్ల కూసుండేది. తొలిమెట్టు లెక్కల (2022ల మొదలైంది కదా, ఎవరు అక్షరాలు చదువుతరు, ఎవరు పదాలు, ఎవరు వాక్యాలు అని రాసుకునేది) ఆ పాప పేరుకు ఎదురుంగ అన్ని గళ్ళు ఖాళీ. సార్ చెడ్డోడు కాదు. రెండు క్లాసులు, మధ్యాహ్నం బువ్వ లెక్క, ఆన్‌లైన్ హాజరు, అన్ని ఆయన మీదనే. "ఆ పిల్ల మాట్లాడదమ్మా, ఏదన్న లోపం ఉందేమో" అన్నడు.

నాకు గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు అయింది. నేను ఒకటో తరగతిల ఉన్నప్పుడు దాహం అయ్యి లేచి నిలబడి "పాణి" అన్న. క్లాసు మొత్తం నవ్వింది. టీచర్ కూడ నవ్వింది, తర్వాత "నీళ్ళు అనాలె, నీళ్ళు" అని పదిసార్లు అనిపిచ్చింది. ఆ రోజు నుంచి ఎన్ని నెలలు నేను నోరు తెరవలేదో నాకే గుర్తు లేదు. దాహమైతే ఇంటికి పోయేదాక ఆగేదాన్ని. నాల కూడ లోపం ఉందని అప్పుడు ఎవరన్న రాసుకొని ఉంటరు.

ఇంక ఫోన్ ముచ్చట.

నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ ఫోన్, స్క్రీన్ మీద ఒక మూలకు పగులు. రోజుకు ఒకటిన్నర జీబీ. అందరి లెక్కనే నేను కూడ దీక్షతోటి మొదలుపెట్టిన. 2017ల కేంద్రం తెచ్చిన దీక్ష యాప్ మనకు తెలుసు, పుస్తకం మీద నల్ల గళ్ళ క్యూఆర్ కోడ్ ఉంటది, స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తది. వస్తది, నెట్ ఉంటే. ఆ రూముల నెట్ కిటికీ దగ్గర మాత్రమే వస్తది. కిటికీ దగ్గర నేను ఫోన్ పట్టుకొని నిలబడితే 23 మంది నా మీద పడ్డరు. ముందున్న నలుగురు చూసిండ్రు, వెనకున్నోళ్ళు కొట్టుకున్నరు. రెండో రోజు హాస్టల్ వైఫైల డౌన్‌లోడ్ చేసుకొని పోయిన. వీడియో మంచిగనే ఉంది. కానీ తెలుగు మాట అర్థం కాని పాపకు, అదే తెలుగు ఫోన్లకెళ్ళి వస్తే మాత్రం ఎట్ల అర్థమైతది? బొమ్మలు చూసింది, అంతే. ఇంకోరోజు వేరే దగ్గర వీడియో పెడితే పాఠం నడుమ రమ్మీ ఆట యాడ్ వచ్చింది. నాలుగో తరగతి పోరడు "అక్కా, ఇది మా అన్న ఆడ్తడు" అన్నడు. ఫోన్ బంద్ చేసి జేబుల పెట్టుకున్న.

తర్వాత, చదివి వినిపిస్తే స్టార్లు ఇచ్చే యాప్ ఒకటి పెట్టిన. పిల్ల గట్టిగ చదవాలె, ఫోన్ వింటది, తప్పు చదివితే సరి చేస్తది. నెట్ లేకున్న నడుస్తది. ఇది ఇద్దరికి మస్తు పనికొచ్చింది. ఎవరికో తెలుసా? బీహార్ పిల్లలకు. అందుల హిందీ ఉంది. మూడు నెలల సంది తెలుగు బడిల మూగోళ్ళ లెక్క కూసున్న ఆ అన్నాచెల్లె హిందీ కథలు గడగడ చదువుతుంటే సార్ కూడ కుర్చీల నుంచి లేచి వచ్చి చూసిండు. వాళ్ళకు చదువు రాదని కాదు, వాళ్ళకు వచ్చిన చదువును మనం అడుగలేదు. ఆ రోజు నుంచి వాళ్ళను హిందీల చదివిచ్చి, అదే కథ తెలుగుల వినిపిచ్చుడు మొదలుపెట్టిన.

తండా పిల్లలకు మాత్రం అది రివర్స్ అయింది. మన పిల్లలు తెలుగు చదివితే యాస వేరే ఉంటది కదా. మాట సరిగ్గ చదివినా యాప్ తప్పు అని చూపెట్టుడు, మళ్ళ చదవమనుడు. రెండుసార్లు అయినంక ఒక పోరడు ఫోన్ నా చేతుల పెట్టి "నాకు రాదక్కా" అని పోయిండు. అది చూసి నా మీద నాకే కోపం వచ్చింది. ఒకటో తరగతిల నన్ను చూసి నవ్విన క్లాసును నేను ఫోన్ల వేసుకొని తీసుకొచ్చిన అనిపిచ్చింది. ఆ యాప్ తండా పిల్లలకు బంద్ చేసిన.

మరి గోర్ బోలిల ఏమున్నది? రాత్రి హాస్టల్ల కూసొని వెతికిన. ఒక ఏఐ యాప్‌ను "లంబాడీల చిన్న కథ రాయి" అని అడిగిన. క్షణంల రాసి ఇచ్చింది, ఎంత ధైర్యంగనో! చదివిన. సగం హిందీ, పావు మరాఠీ, నడుమ నడుమ ఏదో. మా యాడికి ఫోన్ చేసి చదివి వినిపిచ్చిన. "ఇది ఏ దేశం తండా బిడ్డా?" అన్నది. నవ్వుకున్నం గానీ నాకు భయం కూడ అయింది. గోర్ బోలి రాని సార్ ఎవరన్న దాన్నే నమ్మి పిల్లలకు చెప్తే? పిల్ల అర్థం కాక చూస్తే, "సొంత భాషల చెప్పినా రాలేదు" అని రాస్తరు. లోపం లెక్క ఇంకింత గట్టిగ అయితది.

ఎందుకు గట్ల రాస్తది అని నాకు తోచింది చెప్త. ఏఐ అయినా, అనువాదం యాప్ అయినా, ముందు ఆ భాషల రాసిన మాటలు, మాట్లాడిన రికార్డింగులు కుప్పలు కుప్పలు కావాలె. మనకు లిపి లేదు. తెలంగాణల తెలుగు అక్షరాలతోటి రాసుకుంటం, మహారాష్ట్రల దేవనాగరి, కర్ణాటకల కన్నడం. మూడు దిక్కుల మూడు తీర్ల. 2011 జనగణనల లంబాడీ మాట్లాడేటోళ్ళు 32 లక్షలకు పైనే ఉన్నరు, కానీ ఆ లెక్కను హిందీ కింద ఒక మాతృభాషగ వేసిండ్రు. 2024 జూన్‌ల గూగుల్ ట్రాన్స్‌లేట్ ఒకటేసారి 110 కొత్త భాషలు చేర్చింది. మన దేశంకెళ్ళి సంతాలి, బోడో, ఖాసీ, కోక్‌బోరోక్, తుళు, అవధి, మార్వాడీ వచ్చినయ్. లంబాడీ లేదు, గోండి లేదు, కోయ లేదు. 2025 సెప్టెంబర్‌ల కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అని ఒక యాప్ తెచ్చింది, ఐఐటీ ఢిల్లీ వాళ్ళు ముందుండి చేసిండ్రు. మొదటి విడతల సంతాలి, భీలి, ముండారి, గోండి. గోండి తమ్ముళ్ళు, మీరు అది పెట్టి చూసి ఎట్లున్నదో ఇక్కడ రాయండ్రి. మా లంబాడోళ్ళం ఇంకా లైన్ల ఉన్నం.

అట్లని మన దగ్గర ఎవరు ఏం చేయలేదు అనుకోవద్దు. 2004లనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల, ఎనిమిది గిరిజన భాషలల్ల చిన్న పిల్లలకు చదువు చెప్పే కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు అక్షరాలతోటి ఆ భాషల వాచకాలు వచ్చినయ్. నేను పుట్టకముందు సంగతి! నేను చదివిన బడికి మాత్రం ఆ పుస్తకం ఒక్కటి కూడ రాలే. రాజ్యాంగంల 350ఏ అధికరణం కూడ ఉంది, 1956ల పెట్టిండ్రు, భాషా మైనారిటీ పిల్లలకు ప్రైమరీల అమ్మ భాషల చదువు చెప్పే సౌకర్యం చూడాలె అని. ఇప్పుడు మన పిల్లల చేతుల ఉన్న పుస్తకం చూడండ్రి. 2022 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పిల్లకు ఇంగ్లీషు అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకుంటది. మన పిల్ల ఎటు చూడాలె?

నాకు దారి దొరికింది ఆదిలాబాద్ దిక్కుకెళ్ళి. తొడసం కైలాస్ సార్ పేరు మీల కొందరు వినే ఉంటరు. ఆదిలాబాద్ జిల్లాల సర్కారు బడి సార్, గోండు. ఏఐ టూల్స్ వాడి కోలామిల పాట చేసిండు, ఇంకా వేరే ఆదివాసీ భాషలల్ల కూడ చేస్తున్నడు. 2025 ఫిబ్రవరిల ప్రధాని మన్ కీ బాత్‌ల ఆయన గురించి చెప్పిండు. నాకు ఆ వార్తల నచ్చింది ప్రధాని చెప్పుడు కాదు. ఏఐకి కోలామి రాదు, ఆ మాట తెలిసిన మనిషి పక్కన కూసొని చేపిచ్చుకుంటున్నడు. అంటే యంత్రం పని యంత్రంది, మాట మాత్రం మన నోటికెళ్ళే పోవాలె. నాకు పాటలు చేసుడు రాదు. కానీ రికార్డు బటన్ నొక్కుడు వస్తది.

స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళది ఒక సైట్ ఉంది, 2015ల పెట్టిండ్రు. పిల్లల బొమ్మల కథలు వందల భాషలల్ల ఉంటయ్, తెలుగుల మస్తున్నయ్. పైసలు లేవు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మనమే మన భాషలకు మార్చి రాసుకోవచ్చు, కథ రాసినోళ్ళ పేరు వేస్తే చాలు. నేను చిన్న కథ ఒకటి పట్టుకొని, మెదక్ బస్టాండ్ దగ్గర జిరాక్సు షాపుల ఎనిమిది పేజీలు తీపిచ్చిన. నలుపు తెలుపు, పేజీకి రెండు రూపాయలు. ప్రతి తెలుగు లైను కింద పెన్నుతోటి గోర్ బోలిల రాసిన. రాస్తుంటే సిగ్గయింది. మన మాట రాయాలంటే నా చెయ్యి ఆగుతుంది, 14 ఏండ్లు చదివి కూడ.

శనివారం సాయంత్రం ఫ్రీ బస్సెక్కి ఆ పాప తండాకు పోయిన. పాప వాళ్ళ దాది ఇంటి ముంగట కూసొని ఉంది. నేను గోర్ బోలిల పలకరిస్తే మొదలు నమ్మలే, "టీచరమ్మవు కదా?" అన్నది. బాటి పెట్టింది, తిన్నంక సంగతి చెప్పిన. ఫోన్ ముంగట పెట్టి, నేను బొమ్మ చూపిస్తుంటే ఆమె కథ చెప్పాలె. ఆమె నా కాగితం మీది కథ చెప్పలే. ఆ బొమ్మలు చూసుకుంట తన కథ చెప్పింది. నేను రాసిన దానికన్న వంద రెట్లు మంచిగుంది. మేకలు అరుస్తున్నయ్ వెనకకు, ఎవరో పిల్ల ఏడుస్తుంది, అన్ని రికార్డయినయ్. ఆరు నిమిషాలు.

సోమవారం పొద్దుగాల క్లాసుల ఆ ఆడియో పెట్టిన. ఇరవై రూపాయల చిన్న వైరుతోటి సార్ దగ్గరున్న పాత స్పీకర్‌కు తగిలిచ్చిన. దాది గొంతు రూముల మోగింది. తండా పిల్లలంత ఒక్కసారి తలలెత్తిండ్రు. ఊరి పిల్లలు నవ్వపోయిండ్రు, నవ్వలే, ఎందుకంటే 14 మంది మొకాలు చూసిండ్రు. గోడ పక్కన కూసున్న పాప లేచి నిలబడ్డది. కథ అయినంక నేను నా కాగితం తీసి చదివిన. రెండో లైను కాడ ఆ పాప అన్నది, గట్టిగ, అందరి ముంగట: అట్ల కాదు, మా దాది అట్ల అనలే. తర్వాత ఎట్ల అనాలెనో చెప్పింది. మూడు నెలల్ల ఆ రూముల ఆమె నోట్లకెళ్ళి వచ్చిన మొదటి మాట, టీచర్‌ను సరిచేసే మాట. సార్ తలుపు కాడ నిలబడి విన్నడు. ఏం అనలే. సాయంత్రం ఆ తొలిమెట్టు కాగితం తీసి చాలసేపు చూసుకుంట కూసున్నడు.

ఇక అక్షరాల ముచ్చట. ఇది నాకు ఎవరు నేర్పలే, పాపనే నేర్పింది. గోడ మీద అక్షరాల చార్టు ఉంటది కదా, ఝ కు ఏముంటది? ఝషం. చేప బొమ్మ. మీల ఎవరన్న ఇంట్ల చేపను ఝషం అంటరా? తెలుగు పిల్లలు కూడ అనరు. ఘ కు ఘటం, ఛ కు ఛత్రం. ఈ ఒత్తు అక్షరాలంటే ఊరి పిల్లలకు కూడ కష్టమే, జ కు ఝ కు తేడా పలకరు. ఒకరోజు చార్టు చదివిస్తుంటే పాప చెట్టు దిక్కు చెయ్యి చూపిచ్చి "ఝాడ్" అన్నది. నేను ఆగిపోయిన. ఝాడ్! చెట్టు. మనకు ఘర్ ఉంది, ఇల్లు. ఛోరి ఉంది, ఆడపిల్ల. ఈ అక్షరాలు తెలుగు నోటికి సంస్కృతంకెళ్ళి వచ్చినయ్, మన నోట్ల పుట్టుకతోటే ఉన్నయ్. ఇన్నేండ్లు మన పిల్లలకు రాదు రాదు అన్నరు, తెలుగు పిల్లలకు కష్టమైన అక్షరాలు మన పిల్లలు పాలు తాగుకుంట నేర్చుకున్నరు.

ఆ రోజే ఫోన్ల కొత్త చార్టు చేసిన. కాన్వా అని ఉంది, ఫ్రీగ బొమ్మలు పెట్టి చార్టు చేసుకోవచ్చు. ఝ ఝాడ్, ఘ ఘర్, ఛ ఛోరి. ప్రతి దానికి పాప గొంతుతోటే ఆడియో. తర్వాత ఒత్తు అక్షరాల క్లాసు పాపనే తీసుకున్నది, ఊరి పిల్లలు ఆమె వెనక పలికిండ్రు. ఒక ఊరి పోరి ఇంటికి పోయి ఝాడ్ ఝాడ్ అని పాడుతుందని వాళ్ళ అమ్మ బడికి వచ్చి అడిగింది, "మా పిల్లకు లంబాడీ నేర్పుతున్నరా?" అని. సార్ ఏం చెప్పిండో నాకు వినవడలే, కానీ ఆమె నవ్వుకుంటనే పోయింది.

లెక్కలకు ఫెట్ అనే సైట్ వాడిన. అమెరికాల కొలరాడో యూనివర్సిటీల, భౌతికశాస్త్రంల నోబెల్ వచ్చిన కార్ల్ వైమన్ 2002ల మొదలుపెట్టిండు. భిన్నాలు, తూకాలు, కరెంటు, అన్ని వేలితోటి జరిపి చూసుకోవచ్చు, తెలుగుల కూడ ఉన్నయ్. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ వద్దు. భిన్నాలు పెట్టిన. ఫోన్ల గుండ్రటి బొమ్మ ముక్కలైతుంటే బాగుందిగానీ ఒక్కొక్కరికి వంతు వచ్చేసరికి గంట అయింది. మర్నాడు హాస్టల్ మెస్సుల రెండు రొట్టెలు అడిగి తెచ్చిన. ఒక బాటిని సగం చేసిన, మళ్ళ సగం. ఏక్, ది, తీన్, చార్. నాలుగుల ఒకటి. అందరికి అయిదు నిమిషాలల్ల వచ్చింది, ఆఖరికి తిన్నరు కూడ. తర్వాత ఫోన్ చూపిస్తే "ఇది బాటి లెక్కనే ఉంది" అన్నరు. ముందు బాటి, తర్వాత ఫోన్. నేను ఉల్టా చేసిన.

పలకని పోరని సంగతి. వానికోసం లైవ్ ట్రాన్స్‌క్రైబ్ పెట్టి చూసిన. మనం మాట్లాడింది ఫోన్ మీద అక్షరాలై వస్తది, తెలుగు కూడ వస్తది, చెవులు వినవడని పెద్దోళ్ళకు మస్తు ఉపయోగం. కానీ వాడు ఇంకా చదవడమే నేర్వలే, వానికి అక్షరాలు చూపిస్తే ఏం లాభం? ఈ తెలివి నాకు పెట్టినంక వచ్చింది. తర్వాత సౌండ్ యాంప్లిఫైయర్ అని ఇంకోటి, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చుట్టుపక్కల శబ్దం పెద్దగ చేస్తది. వాని చెవుల పెట్టి నేను మెల్లగ వాని పేరు పిలిచిన. తల తిప్పిండు. మళ్ళ పిలిచిన, మళ్ళ తిప్పిండు, నవ్విండు. అంటే వానికి మొత్తం వినవడదని కాదు. అప్పుడే దగ్గరగ చూస్తే ఒక చెవు కాడ ఎండిన చీము ఉన్నది. ఎన్ని రోజులకెళ్ళి కారుతుందో.

ఒకటి జాగ్రత్త, ఫోన్ యాప్ వినికిడి పరీక్ష కాదు, డాక్టర్ కాదు. నేను చేసింది సార్‌కు చెప్పుడు మాత్రమే. బడులకు వచ్చి పిల్లలను చూసే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు ఉంటరు, మండలంల భవిత కేంద్రం ఉంటది, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం. సార్ అక్కడ మాట్లాడిండు, వాళ్ళ నాయిన కూలి ఇడిచిపెట్టి దవాఖానకు తీసుకపోయిండు. చెవుల ఇన్ఫెక్షన్ అన్నరు, మందులు నడుస్తున్నయ్. ఇప్పుడు వాణ్ణి ముందు బెంచిల, మంచి చెవు నా దిక్కు వచ్చేటట్టు కూసోపెట్టినం. దానికి ఏ యాప్ అక్కెర లేదు. చెవిటోడా అని పిలిచే పిల్లలకు నేను ఒకటే చెప్పిన, పేరు పెట్టి పిలువుండ్రి, ముందుకు వచ్చి పిలువుండ్రి అని. కొందరు విన్నరు, కొందరు ఇంకా గట్లనే పిలుస్తరు.

ఫ్రీ, ఫ్రీ అంటం కదా. నా లెక్క చెప్త. మూడు నెలల్ల రెండుసార్లు ఎక్స్‌ట్రా డేటా వేసుకున్న, జిరాక్సులకు, వైరుకు, తండాకు పోయిన ఆటోలకు (బస్సు మెయిన్ రోడ్డు దాకనే) అన్ని కలిపి ఆరువందల దాక అయింది. అది నా సబ్బు, నూనె పైసలు. హాస్టల్ల రాత్రి పది తర్వాత ఫోన్ వాడితే వార్డెన్ మేడం తీసుకుంటది, ఒకసారి తీసుకున్నది కూడ. విషయం చెప్తే తెల్లారి ఇచ్చింది, ఇంకా మేడం తన పాత ఇయర్‌ఫోన్ ఇచ్చింది. పోరనికి పెట్టింది అదే.

పిల్లల వీడియోలు ఎందుకు పెట్టవు అక్కా అని అడుగుతరు. పెట్టను. పాప మొదటిసారి మాట్లాడిన రోజు వీడియో ఉంటే లక్ష వ్యూస్ వచ్చేవేమో. కానీ రేపు ఆ పాప నా లెక్క హాస్టల్ల చదివేటప్పుడు "మూడో తరగతి దాక మూగదంట" అని ఎవరన్న ఆ వీడియో చూపిస్తే? దాది ఆడియో కూడ ఆమెను అడిగినంకనే బడిల పెట్టిన. అందుకే పేర్లు రాయలే.

ప్రాక్టీసు ఫిబ్రవరిల అయిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, పాప ఇప్పుడు పదాలు చదువుతది. వాక్యాలు ఇంకా రావు. తండా పిల్లల్ల ముగ్గురికి నేను ఏం చేయలేకపోయిన, వాళ్ళు చెరుకు కొట్టే పనికి అమ్మానాయినల వెంబడి పోయిండ్రు, బెంచీలు ఖాళీగ ఉన్నయ్. ఆడియోలన్ని సార్ ఫోన్ల వేసి వచ్చిన. ఆయనకు గోర్ బోలి రాదు, కానీ రోజు పొద్దుగాల ఒకటి పెడుతున్నడంట. 2025ల సర్కారు ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తోటి కలిసి మన మెదక్‌తో సహ కొన్ని జిల్లాల బడులల్ల కంప్యూటర్ మీద ఏఐతోటి చదువు చెప్పుడు మొదలుపెట్టింది, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మంచిదే. అది మన తండా బడులకు వచ్చినప్పుడు దాని ముంగట కూసునే పిల్లకు వినిపిచ్చెతందుకు మన గొంతు ఒక్కటన్న తయారుగ ఉండాలని నా ఆత్రం.

అందుకే ఒక పని అడుగుతున్న. ఈ ఆదివారం ఇంటికి పోయేటోళ్ళు, మీ దాదినో నానినో కూసోపెట్టి అయిదు నిమిషాలు కథ రికార్డు చేయండ్రి. అడిగి చేయండ్రి. ఏ భాష, ఏ మండలం అన్నది మొదట్లనే చెప్పిచ్చండ్రి. గోండి, కోయ, కోలామి, ఎరుకల, ఏదైనా. ఫ్యాన్ బంద్ చేస్తే ఆడియో మంచిగ వస్తది, మేకలు అరిస్తే అరవనీ. గ్రూపుల వేయకుండ్రి, పర్సనల్‌గ పంపుండ్రి, బాసల వారీగ ఫోల్డర్లు చేసి పెడ్త. డీఎడ్, బీఎడ్ చేసేటోళ్ళు ఎవరికి కావాలన్న ఇస్త.

ఇంకొకటి. కప్ప కథ ఒకటి రాస్తున్న. కప్పకు దాది చెప్పిన మాట వేరే, మా యాడి చెప్పిన మాట వేరే, నారాయణఖేడ్ దోస్తు చెప్పింది ఇంకో తీరు. ముగ్గురు మాదే కరెక్టు అంటున్నరు. మీ తండాల ఏమంటరో కింద రాయండ్రి.